పసికందుకు రెండు భాషల నానీ: ఒక నియామకం, మొదటి ప్రకటన నుంచి ఆరో నెల దాకా

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. తొలి కాన్పు. తండ్రిది ఒక భాష, తల్లిది ఇంకొకటి. ఇద్దరూ మాట్లాడుకునేది తల్లి భాషలోనే. వీధిలో, ఆఫీసులో, ఆసుపత్రిలో నడిచేదీ అదే. తండ్రి వైపు పెద్దవాళ్లకు వాళ్ల భాష తప్ప రాదు, బిడ్డకు ఆ భాష రావాలన్నది దంపతుల కోరిక. కానీ తండ్రి ఇంట్లో మెలకువగా ఉండేది రోజుకు మూడు నాలుగు గంటలే. అందుకని ఆ భాష మాట్లాడే నానీని, అంటే జీతానికి బిడ్డను చూసుకునే మనిషిని, ఇంట్లోనే ఉంచుకోవాలనుకున్నారు. ఇక్కడినుంచి తండ్రి భాషను ‘ఇంటి భాష’ అని, తల్లి భాషను ‘బయటి భాష’ అని అందాం. వెతుకులాట మొదలయ్యేసరికి తల్లికి 26వ వారం, డ్యూ డేట్‌కు ఇంకా 14 వారాలుంది. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం.

మొదటి ప్రకటన వాళ్లే రాసుకున్నారు: ‘రెండు భాషలూ ధారాళంగా వచ్చి, అనుభవం ఉండి, ఇంట్లోనే ఉంటూ పసిబిడ్డను 24 గంటలూ చూసుకోగల నానీ కావలెను.’ ఒక్క వాక్యమే, అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి గంటల లెక్కలో, రెండోది ‘ధారాళంగా’ అన్న మాటలో.

గంటల లెక్క

ఇంట్లో ఉండే మనిషంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే మనిషి అన్న భావన చాలా ఇళ్లలో ఉంటుంది. కాగితం మీద లెక్క వేస్తే గానీ అది పోదు. వీళ్లకు కావలసింది పగలు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా, వారానికి ఆరు రోజులు: 60 గంటలు. దానిమీద వారానికి ఐదు రాత్రులు, రాత్రికి 8 గంటల చొప్పున: 40 గంటలు. మొత్తం 100. వారంలో ఉన్నవే 168 గంటలు. మిగిలిన 68లో ఆమె నిద్ర, తిండి, స్నానం, సెలవు అన్నీ పట్టాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నిద్రకే 56 పోతాయి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదిది.

ఇద్దర్ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి పనిని కాలాన్ని బట్టి విడగొట్టారు. మొదటి ఎనిమిది వారాలు రాత్రి పని మాత్రమే: ఐదు రాత్రులు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా, వారానికి 45 గంటలు. పగలు తల్లి, సాయానికి వచ్చిన నాయనమ్మ చూసుకుంటారు. తొమ్మిదో వారంలో పగటి పనికి మారడం, పద్నాలుగో వారంలో తల్లి ఉద్యోగానికి వెళ్లడం.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది, దాన్ని తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సి వచ్చింది. రాత్రి నానీ బిడ్డతో పెద్దగా మాట్లాడదు, మాట్లాడకూడదు కూడా. దీపం తగ్గించి, గొంతు తగ్గించి, పాలు పట్టి, త్రేన్పు తెప్పించి, డైపర్ మార్చి పడుకోబెట్టడమే మంచి రాత్రి పని. అంటే ఏ భాష కోసం ఆమెను తెచ్చుకుంటున్నారో ఆ భాష మొదటి రెండు నెలలూ బిడ్డ చెవిన పడేది అంతంతమాత్రం. దానికి కంగారు పడనక్కర్లేదు. వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న 6–8 నెలల పిల్లలు హిందీలోని ‘ట’, ‘త’ తేడాను గుర్తుపట్టారు. 10–12 నెలల వాళ్లలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. తలుపు మూసుకునేది మొదటి ఏడాది రెండో సగంలో. పగటి పని మొదలయ్యాక చాలినంత వ్యవధి మిగులుతుంది. మొదటి రెండు నెలలూ ఆ లోటు తండ్రి గొంతు తీర్చగలదు, ఆయన ఇంట్లో ఉన్న కాసేపు బిడ్డను ఎత్తుకుంటే చాలు.

‘ధారాళం’ తీసేసి ఏం పెట్టారు

రెండు భాషలు రావడం ఒక అర్హత కాదు, మూడు వేరువేరు పనులు. మొదటిది బిడ్డతో మాట్లాడటం. రెండోది తల్లిదండ్రులతో రోజువారీ విషయాలు చెప్పుకోవడం. మూడోది ప్రమాదం: మందు సీసా మీద రాసింది చదవడం, అంబులెన్స్‌కు ఫోన్ చేసి చిరునామా చెప్పడం, డాక్టర్ చెప్పింది మళ్లీ అప్పజెప్పడం. ఈ ఇంట్లో మొదటి పనికి ఇంటి భాష పుట్టి పెరిగిన భాష అయి ఉండాలి. రెండోదానికి బయటి భాష వ్యాకరణం తప్పినా ఫరవాలేదు. మూడోదానికి బయటి భాష చదవడం రావాలి, మెల్లగానైనా సరే, తప్పు లేకుండా. రెండో ప్రకటనలో ఈ మూడూ మూడు వాక్యాలుగా రాశారు. గంటలు, రాత్రి పని, విడి గది, వారాంతపు సెలవు కూడా రాశారు. దరఖాస్తులు తగ్గాయి, పనికొచ్చేవి పెరిగాయి.

ఫోన్ సంభాషణకు 20 నిమిషాలు పెట్టుకున్నారు. మొదలు బయటి భాషలో, పదో నిమిషంలో చెప్పకుండా ఇంటి భాషలోకి తండ్రి మారాడు. భాష నిజంగా ఉన్నవాళ్లు గమనించకుండానే వెంట వచ్చేస్తారు. నేర్చుకున్నవాళ్లు ఒక క్షణం ఆగుతారు. అంకెల పరీక్ష కూడా ఇందులోనే: పాల కొలతలు, టైములు గబగబా చెప్పి తిరిగి చెప్పించడం. మన తెలుగులోనే ఇరవై, అరవై ఫోన్‌లో ఒకేలా వినపడతాయి. పాలసీసా మిల్లీలీటర్ల దగ్గర అలాంటి పొరపాటుకు చోటివ్వకూడదు.

నలుగురు ముఖాముఖికి మిగిలారు.

మొదటామెకు పన్నెండేళ్ల అనుభవం, ఇంటి భాష వింటుంటే ముచ్చటేస్తుంది. కానీ ఆమె చేరేనాటికి ఏ ఇంట్లోనూ బిడ్డ ఏడు నెలలకు తక్కువ లేదు. అనుభవం ఎన్నేళ్లని అడిగితే ఇది బయటపడదు. ‘గత మూడేళ్లలో మూడు నెలలలోపు పిల్లలు ఎంతమందిని చూశారు, వాళ్లతో ఒక్కరే ఉన్నారా, పక్కన తల్లో నర్సో ఉన్నారా’ అని అడగాలి.

రెండో అభ్యర్థి సర్టిఫికెట్లు చక్కగా ఉన్నాయి, బయటి భాష చదవడంలో అందరికంటే మేలు. ఆమె దగ్గర తేలింది బొమ్మ పరీక్షలో. ఒక బొమ్మను చేతికిచ్చి, ఐదు నిమిషాలు స్నానం చేయిస్తున్నట్టు, బట్టలు తొడుగుతున్నట్టు ఇంటి భాషలో మాట్లాడమంటారు. పెద్దవాళ్లతో ఇంటి భాష బాగానే మాట్లాడిన ఆమె బొమ్మతో నిమిషం లోపే మౌనమైపోయింది, తర్వాత తెలియకుండానే బయటి భాషలోకి జారింది. పసిపిల్లలతో మాట్లాడే ముద్దు మాటలు, సాగదీతలు వేరే నుడికారం. అది చిన్నప్పుడు విన్నవాళ్లకే సహజంగా వస్తుంది. వట్టి సిగ్గు వల్ల ఆగిపోయేవాళ్లూ ఉంటారు. అందుకని గదిలోంచి అందరూ బయటికి వెళ్లి ఇంకోసారి అవకాశం ఇచ్చారు. ఫలితం మారలేదు.

మూడో అభ్యర్థికి రెండు భాషలూ వచ్చు, ఓపికా ఉంది. బిడ్డను ఎలా పడుకోబెడతారంటే ‘పక్కకి ఒత్తిగిలించి, వెనక చిన్న దిండు పెడతా’ అంది. ఇది పాత కాలపు శిక్షణ. వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ లేకుండా పడుకోబెట్టాలన్నది ఇప్పుడు తిరుగులేని నియమం. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలయ్యాక నిద్రలో అకారణంగా జరిగే శిశుమరణాలు సగానికి సగం తగ్గాయి. తెలియకపోతే నేర్పవచ్చు. కానీ నియమం చెప్పాక ఆమె అన్నది: ‘ఇన్నేళ్లలో ఏ బిడ్డకూ ఏమీ కాలేదు.’ నేర్పడానికి వీల్లేనిది ఈ మాట.

నాలుగో అభ్యర్థిని కుటుంబం మొదట పక్కన పెట్టింది, బయటి భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుందని. తిరిగి పిలిపించడానికి కారణం ఒకటే. మందు సీసా చీటీ చదవమన్నప్పుడు ఒక మాట దగ్గర ఆగి, ‘ఇది నాకు తెలియదు, ఏమిటిది?’ అని అడిగింది. ధారాళంగా మాట్లాడే వాళ్లలో ఇద్దరు అదే మాట దగ్గర తల ఊపి ముందుకు పోయారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ప్రమాదం తల ఊపడంలో ఉంది. ఒకే మందు చుక్కలుగా ఒక గాఢతలో, సిరప్‌గా ఇంకో గాఢతలో దొరుకుతుంది. చీటీ చదవకుండా మిల్లీలీటర్లు మాత్రం గుర్తుపెట్టుకుంటే మోతాదు తప్పుతుంది. ఇక మూడు నెలలలోపు బిడ్డకైతే డాక్టర్ చెప్పకుండా జ్వరం మందే వేయకూడదు. మలద్వారం దగ్గర కొలిచిన వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రాత్రి ఎంతైనా సరే ఆసుపత్రికే. ఈ సంగతి అడగకముందే చెప్పింది కూడా ఈవిడే.

నలుగురినీ అడిగిన ఇంకో ప్రశ్న: బిడ్డ గంటన్నర ఆగకుండా ఏడిస్తే ఏం చేస్తారు? పిల్లల ఏడుపు రెండో నెలలో, ఆరో వారం చుట్టుపక్కల తారస్థాయికి చేరుతుంది. పిల్లల్ని పట్టి కుదిపేసే ఘోరాలు జరిగేదీ ఆ రోజుల్లోనే. ఆకలి, తడి, వేడి అన్నీ చూశాక, తన ఓపిక అయిపోతోందనిపిస్తే బిడ్డను క్రిబ్‌లో వెల్లకిలా పెట్టి, గది బయటికి వచ్చి, ఐదు పది నిమిషాలు ఊపిరి తీసుకుని, ఇంకొకరిని లేపుతానని చెప్పేది మంచి జవాబు. ‘నా చేతిలో ఏ బిడ్డా అంతసేపు ఏడవదు’ అన్నది మాత్రం చెడ్డ జవాబు, వినడానికి ఎంత బాగున్నా.

సర్టిఫికెట్లు, పాత ఇళ్లు, టీకాలు

పసిపిల్లల సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ మీద రెండు చూశారు: గడువు తేదీ (ఎక్కువ సంస్థలది రెండేళ్లు), బొమ్మ మీద చేత్తో చేసిన శిక్షణా లేక వీడియో చూసి తెచ్చుకున్నదా. గొంతుకు అడ్డం పడితే ఏం చేస్తారో బొమ్మ మీద చేయించారు: ముఖం కిందికి ఉంచి వీపు మీద 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మీద 5 నొక్కుళ్లు, అడ్డం పోయేదాకా లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా మార్చి మార్చి. సంస్థకు ఫోన్ చేసేటప్పుడు సర్టిఫికెట్ మీద అచ్చయిన నంబరు వాడలేదు, విడిగా వెతికి పట్టుకున్న నంబరుకు చేశారు.

పాత ఇళ్ల వాళ్లను ‘ఎలా చూసుకుంది’ అని అడిగితే ‘బాగా చూసుకుంది’ అనే చెబుతారు. చేరినప్పుడు బిడ్డకు ఎన్ని నెలలు, మానేసినప్పుడు ఎన్ని, రాత్రి ఎన్నిసార్లు లేచేది, పాలు ఎవరు కలిపేవారు, ఎందుకు మానేసింది, మధ్యలో ఎప్పుడైనా ఊరెళ్లిందా? నిజంగా కలిసి బతికినవాళ్లు ఇలాంటివాటికి తడుముకోకుండా చెబుతారు. తెలిసినవాళ్ల చేత చెప్పించిన సిఫార్సు అయితే మూడో ప్రశ్నకే బయటపడుతుంది.

కోరింత దగ్గుకు రక్షణనిచ్చే టీడాప్ టీకా, బిడ్డను ముట్టుకోవడానికి కనీసం రెండు వారాల ముందే పడాలి. ఫ్లూ రోజులైతే ఆ టీకా కూడా. క్షయ పరీక్ష అడగడం సబబే. గర్భం, హెచ్ఐవీ పరీక్షలు అడగడం మాత్రం తప్పు. ఇంటి పనివారిని వాటికి బలవంతపెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 నాటి 201వ సిఫార్సులో ఉంది.

ఒప్పందం

పని ఎక్కడ చేసినా, నానీతో రాసుకునే ఒప్పందానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం చేసిన 189వ ఒప్పందం మంచి కొలబద్ద. స్థానిక చట్టం ఇంకా ఎక్కువ అడిగితే దాన్నే పాటించాలి. వారానికి వరసగా కనీసం 24 గంటల విశ్రాంతి. విశ్రాంతి వేళ, సెలవు రోజున ఇంట్లోనే ఉండాలన్న నిర్బంధం లేకపోవడం. గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండటం. పిలిస్తే రావాలని చెప్పి ఉంచిన గంటల్ని, చట్టమో ఒప్పందమో నిర్ణయించిన మేరకు పని గంటలుగా లెక్కించడం. ఆ సంస్థ 201వ సిఫార్సులో గది గురించి కూడా ఉంది: విడి గది, గాలి వెలుతురు, తాళం, ఆ తాళంచెవి ఆమె చేతికి. బిడ్డ గదిలోనే ఒక మూల మంచం వేసి దాన్ని ‘ఆమె గది’ అనడం చాలామంది చేసేదే. ఈ ఇంట్లోనూ మొదట అదే అనుకున్నారు, మార్చుకున్నారు.

చేరే తేదీని క్యాలెండర్ తేదీగా రాయలేదు, ‘బిడ్డ పుట్టిన పదో రోజు’ అని రాశారు. 37వ వారం నుంచి ఆమెను వేరే పనిలో చేరకుండా ఆపి ఉంచినందుకు సగం జీతం. బిడ్డ 38 వారాలకే పుట్టింది, ఆ షరతు లేకపోతే ఆమె ఇంకో ఇంట్లో ఉండేది. చేయనక్కర్లేని పనుల జాబితా చేయాల్సిన వాటికంటే పొడుగ్గా ఉంది: ఇంటిల్లిపాది వంట, పెద్దల బట్టలు, అతిథుల మర్యాదలు. కెమెరాలు ఎక్కడున్నాయో రాతపూర్వకంగా చెప్పారు, ఆమె గదిలో, స్నానాల గదిలో లేవు. బిడ్డ ఫొటోలు ఆమె ఎవరికీ పంపదు. నాలుగు వారాలు పరీక్షా కాలం, అందులో మొదటి రెండు రాత్రులు తల్లిదండ్రుల్లో ఒకరు పక్కనే మెలకువగా ఉన్నారు. చూసింది చిన్నవాటినే: చేతులు ఎంతసేపు కడుగుతుంది, డబ్బాపాలు కలిపితే నీళ్లు ముందు కొలుస్తుందా, చెంచా తలకొట్టి పోస్తుందా, ఫోన్ ఎక్కడ పెడుతుంది.

ఏం బెడిసింది

నాలుగో వారంలో మొదటిది. తెల్లవారుజామున 5:10కి 70 మిల్లీలీటర్లు పట్టి, నానీ లాగ్‌బుక్‌లో ఇంటి భాషలో రాసింది. ఆరున్నరకు లేచిన తల్లికి ఆ లిపి రాదు. చదవగలిగిన చివరి వరసలో 2:30 ఉంది. మళ్లీ సీసా పట్టింది, బిడ్డ మొత్తం కక్కేసింది. హాని జరగలేదు గానీ అదే మందు అయి ఉంటే? ఆ రోజే పుస్తకం మార్చారు: మాటలు లేవు, నిలువు గళ్లు మాత్రమే. టైము 24 గంటల పద్ధతిలో, పాలు అంకెల్లో, తడి డైపర్‌కు చుక్క, విరేచనానికి గుండ్రం, మందుకు ఎర్ర గీత. మాటల్లో చెప్పాల్సినవి ఉదయం 6 గంటలకు ఐదు నిమిషాల అప్పగింతలో నోటితో చెప్పి, విన్నవాళ్లు తిరిగి చెబుతారు. మొదటి వారం దాటిన బిడ్డకు రోజుకు కనీసం ఆరు తడి డైపర్లు ఉండాలి. చుక్కలు లెక్కపెడితే అది ఏ భాష వాళ్లకైనా తెలుస్తుంది.

పాల విషయంలోనూ గోడ మీద కాగితం అంకెలతోనే: పిండిన తల్లిపాలు గది వేడిలో (25 డిగ్రీలు దాటకుండా) 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, బిడ్డ తాగి వదిలినవి 2 గంటలు. కలిపిన డబ్బాపాలు 2 గంటలు, నోరు పెట్టాక 1 గంట.

రెండోది అసలైనది. ఐదో వారం ఒక రాత్రి మూడున్నరకు నానీ సోఫా మీద పాలు పడుతూ, బిడ్డ ఒళ్లో ఉండగానే నిద్రలోకి జారింది. కొద్ది నిమిషాల్లో మేలుకుంది. పొద్దున అప్పగింతలో తనే చెప్పింది. పసిబిడ్డతో నిద్రపోవడానికి సోఫాను మించిన ప్రమాదకరమైన చోటు లేదు. మెత్తల మధ్య సందులో బిడ్డ ముఖం ఇరుక్కుంటే ఊపిరి ఆడదు. తండ్రి మొదటి మాట: ‘మాన్పించేద్దాం.’

మాన్పించే ముందు వారం రోజుల ఆమె నిద్ర గంటలు రాయించారు. పగలు ఆమె సగటున మూడున్నర గంటలే పడుకుంటోంది. కారణం నాయనమ్మ. ఆమెకు ఆ ఇంట్లో కొడుకు తప్ప తన భాషలో మాట్లాడే మనిషి లేదు. పదింటికల్లా తలుపు తట్టి, ‘ఏమ్మా, లేచావా? కాస్త ఈ కూరలు తరిగిపెట్టు, కబుర్లు చెప్పుకుందాం’ అనేది. ‘సరేనమ్మగారూ’ అని నానీ లేచి వచ్చేది. పెద్దావిడకు కాదని చెప్పడం ఆమె వల్ల కాలేదు. ఒప్పందంలో చేయనక్కర్లేని పనుల జాబితా ఉంది, కానీ అది తల్లికి అర్థమయ్యే భాషలో రాసి ఉంది, నాయనమ్మ చదవలేదు. ఏ భాష కోసం ఆమెను తెచ్చారో ఆ భాషే ఆమె నిద్రను తినేసింది.

ఆమె కొనసాగింది. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా తలుపు లోపలినుంచి తాళం, ముదురు రంగు తెర. ఈ సంగతి నాయనమ్మకు చెప్పింది తండ్రి, నానీ చేత చెప్పించలేదు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ అరగంట కూర్చుని మాట్లాడుకునేవాళ్లు, ఆ అరగంట ఆమె ఇష్టం, పని కాదు. సోఫా మీద పాలు పట్టడం ఆగిపోయింది. నిటారు కుర్చీ, ప్రతి పాలకూ 15 నిమిషాల అలారం పెట్టారు. కునుకు వస్తే తల్లిదండ్రుల్లో ఎవరినైనా లేపవచ్చు, దానికి మాట పడదు, జీతం తగ్గదు. తర్వాతి మూడు వారాల్లో రెండుసార్లు లేపింది. తప్పు ఒప్పుకున్న మనిషిని ఆ రోజే పంపేసి ఉంటే, తర్వాత వచ్చే మనిషి నేర్చుకునే మొదటి పాఠం చెప్పకుండా దాచడమే.

పగటి పని, భాష

తొమ్మిదో వారంలో మారేటప్పుడు మధ్యలో మూడు రోజుల పూర్తి సెలవు ఇచ్చారు. రాత్రి మెలకువకు అలవాటైన శరీరం ఒక్క రోజులో తిరగదు.

‘ఒక మనిషి, ఒక భాష’ పద్ధతిని తీసుకున్నారు. ఫ్రెంచ్ భాషావేత్త జూల్ రోంజా తన కొడుకును ఫ్రెంచ్, జర్మన్‌లలో పెంచిన తీరును 1913లో ప్రచురించినప్పటి నుంచి ఈ పద్ధతి పేరుపొందింది. కాగితం మీద తేలిక. నానీ బిడ్డతో ఇంటి భాష, తల్లితో బయటి భాష. పన్నెండో వారానికి చూస్తే, తల్లి గదిలో ఉన్నంతసేపూ నానీ బిడ్డతో కూడా బయటి భాషలోనే మాట్లాడుతోంది, అదీ తనకు సరిగా రాని భాషలో. ఎందుకంటే, యజమానురాలికి అర్థం కాని భాష ఆమె ముందు మాట్లాడటం అమర్యాద అనుకుంది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సరేనని కూడా చెప్పలేదు. తల్లి కూర్చోబెట్టి, ‘నా ముందు కూడా దానితో మీ భాషలోనే మాట్లాడండి, నాకు అర్థం కాకపోయినా పరవాలేదు’ అని చెప్పాక మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంది. పాలు, నిద్ర, నొప్పి, తడి లాంటి నలభై మాటలు తల్లి కూడా నేర్చుకుంది. మాట్లాడటానికి కాదు, గదిలో ఏం జరుగుతోందో తెలియడానికి.

మొబైల్లో ఇంటి భాష పాటలు పెట్టి వదిలేస్తే సరిపోదా అని తండ్రి అడిగాడు. సరిపోదు. పాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికా పిల్లలు మాండరిన్ ధ్వనుల్ని ఎదుట కూర్చున్న మనిషి దగ్గర నేర్చుకున్నారు. అదే మాటల్ని వీడియోలోనో ఆడియోలోనో విన్నవాళ్లు నేర్చుకోలేదు.

ఆరో నెలలో ఒప్పందాన్ని తిరగరాశారు. ఘనాహారం మొదలవుతుంది కాబట్టి బిడ్డ వంట పనుల్లో చేరింది, గంటలు వారానికి 45 దాటకుండా అలాగే ఉన్నాయి. ఒక్క కొత్త షరతు చేరింది. ఇద్దరిలో ఎవరు వద్దనుకున్నా ఆరు వారాల ముందు చెప్పాలి, చివరి రెండు వారాలు కొత్తగా వచ్చే మనిషితో కలిసి పనిచేయాలి. ఆ రెండు వారాల్లో బిడ్డతో ఇంటి భాష మాట్లాడే బాధ్యత తండ్రిది, రోజూ పొద్దున స్నానం ఆయనే చేయిస్తూ.